హ్యాండిల్ లోపలి వైరింగ్: పలాస, టెక్కలి, ఉద్దానం తీరంలో

మోటారుసైకిల్ హ్యాండిల్ మీది స్విచ్చుల నుంచి బయలుదేరే కరెంటు వైర్లను మామూలుగా పైపు పైన రబ్బరు బెల్టులతో కట్టి హెడ్‌లైటు డూములోకి తీసుకుపోతారు. అలా కాకుండా పైపు లోపలి ఖాళీలోంచి నడిపి, మధ్యలో హ్యాండిలును ఫోర్కుకు బిగించే క్లాంపుల దగ్గర బయటికి తీసి డూములో కలిపితే దాన్ని హ్యాండిల్ లోపలి వైరింగ్ అంటారు. హారను, డిప్పరు, ఇండికేటర్లు, సెల్ఫు, ఇంజన్ ఆపే కిల్ స్విచ్చు, ముందు బ్రేకు లైటు స్విచ్చు: ప్రధానంగా వీటి వైర్లే ఇందులోకి వస్తాయి. క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్ళను కూడా లోపలే నడిపిన బళ్ళున్నాయి గానీ వాటి నియమాలు వేరు. కొన్ని బళ్ళకు కంపెనీయే ఇలా అమర్చి ఇస్తుంది. మిగిలినవాటికి సొంతదారులు తరవాత మెకానిక్కు చేత పైపుకు కన్నాలు వేయించి చేయించుకుంటారు. కష్టనష్టాలన్నీ ఈ రెండో రకంలోనే ఉన్నాయి.

ఈ పని మంచిదా చెడ్డదా అన్నది బండి ఏ గాలిలో తిరుగుతుందో దాన్నిబట్టి తేలుతుంది. పైకి కనిపించే అందం ఎక్కడైనా ఒకటే. పొడిగాలి ఊళ్ళో ఏళ్ళ తరబడి నిలిచే అమరిక ఉప్పుగాలిలో ఎందుకు నిలవదో, నిలవాలంటే ఏం చేయాలో తెలుసుకోవడానికి శ్రీకాకుళం జిల్లా ఉత్తర తీరం సరైన చోటు.

ప్రాంతం, గాలి

శ్రీకాకుళం జిల్లాకు 193 కి.మీ. సముద్రతీరం ఉంది. దాని ఉత్తర భాగంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలను కలిపి ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడి, పనస తోటల నేల ఇది. పలాస–కాశీబుగ్గ జంట పట్టణం జీడిపప్పుకు పెట్టింది పేరు. దక్షిణాన టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు క్వారీలు, రాయిని కోసి నునుపు చేసే యూనిట్లు ఉన్నాయి. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారి ఈ ఊళ్ళను ఒక వరుసలో కలుపుతుంది. దాని నుంచి తీరం వైపు చీలే రోడ్లు తోటల మధ్యగా బారువ, వజ్రపుకొత్తూరు, భావనపాడు వంటి ఊళ్ళకు చేరతాయి. హైవే మీద వేగం, తోట బాటల్లో ఇసుక, ఒడ్డున ఉప్పు. ఒకే బండి ఒకే రోజు ఈ మూడింటినీ చూస్తుంది.

టెక్కలి నుంచి తీరం వైపు వెళ్తే వచ్చే నౌపడలో ఉప్పు మడులున్నాయి. సముద్రపు నీటిని మడుల్లోకి పెట్టి ఎండకు ఆరబెట్టి ఉప్పు తీస్తారు. ఒడ్డున అలలు విరిగినప్పుడు లేచే తుంపరలు గాలిలోనే ఆరిపోయి కంటికి కనిపించని ఉప్పు రేణువులుగా మారతాయి. తూర్పు గాలి వాటిని ఊళ్ళలోకి తోస్తుంది. లోహం మీద పడిన ఉప్పు పొడిగా ఉన్నంతసేపూ పెద్దగా హాని చేయదు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే అది తనంతట తానే తేమను పీల్చుకుని పలచని ఉప్పునీటి పొరగా మారుతుంది. వాన పడకపోయినా, బండి మీద చుక్క నీరు పోయకపోయినా తుప్పు మొదలయ్యేది ఇందువల్లే. తీరగ్రామాల్లో రాత్రివేళ ఈ హద్దు దాటడం మామూలు విషయం.

వానాకాలం ముగిసే సమయానికి తుపాన్ల రుతువు వస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటుతూ ఈ మండలాలను కూడా దెబ్బతీసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాసకు దగ్గరలోనే తీరం దాటింది. గంటకు 140–150 కి.మీ. గాలికి కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల్లో మందులకు, నీళ్ళకు, ఆసుపత్రికి వెళ్ళాలంటే పడిన చెట్ల మధ్య సందుల్లోంచి పోగలిగేది ద్విచక్రవాహనమే. ఇక్కడ స్విచ్చు వైరు తెగకుండా ఉండడం సరదాకు సంబంధించిన విషయం కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

  

కంపెనీలు చేసిన తీరు

హ్యాండిల్ పైపును దారిగా వాడుకోవడం మోటారుసైకిల్ అంత పాత ఆలోచన. అమెరికాలో హార్లే డేవిడ్‌సన్ కంపెనీ 1970ల తొలి సంవత్సరాల దాకా యాక్సిలరేటర్ తీగను పైపు లోపలే నడిపింది. గ్రిప్పు కింద మెలిక గాడి ఒకటి ఉండేది. గ్రిప్పు తిప్పితే ఆ గాడి తీగను ముందుకూ వెనక్కూ జరిపేది. హారను, డిమ్మరు వైర్లు కూడా కన్నాల గుండా పైపులోకి దిగేవి. జపానులో హోండా 1969లో విడుదల చేసిన సీబీ 750తో సహా ఆ కాలపు పలు మోడళ్ళలో స్విచ్చు వైర్లను పైపులోంచి తెచ్చి, క్లాంపుల మధ్య కింది వైపు గాడిలోంచి బయటికి తీసింది. కన్నం ఎక్కడ ఉండాలి, ఏ వైపు ఉండాలి అన్న ప్రశ్నకు ఆ హ్యాండిలే మంచి పాఠం.

మన దేశంలో ఈ అమరిక ఎక్కువమంది చేతుల్లో తిరిగింది మోటారుసైకిల్ రూపంలో కంటే స్కూటరు రూపంలోనే. బజాజ్ 1972 నుంచి తయారుచేసిన చేతక్ హ్యాండిలు అచ్చుపోసిన అల్యూమినియం పెట్టె. ఎడమ గ్రిప్పు తిప్పితే గేరు మారుతుంది, దాని లీవరే క్లచ్. కుడి గ్రిప్పు యాక్సిలరేటర్, దాని లీవరు ముందు బ్రేకు. రెండు గేరు కేబుళ్ళు, క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ కేబుళ్ళు, వాటితోపాటు స్విచ్చుల వైర్లు అన్నీ ఆ పెట్టెలోంచి కిందికి దిగేవి. బయట ఒక్కటీ కనిపించేది కాదు. లాంబ్రెటా వంశానికి చెందిన విజయ్ సూపర్, హైదరాబాదులో తయారైన ఆల్విన్ పుష్పక్ కూడా ఇదే తరహావి. చేతక్ క్లచ్ కేబులు మార్చిన ఏ మెకానిక్కుకైనా లోపలి దారి మంచిచెడ్డలు రెండూ తెలుసు. ఎండావానలు తగలవు కనుక కేబులు ఎక్కువ కాలం వస్తుంది, తెగితే మాత్రం మార్చడానికి చాలా సమయం పడుతుంది.

మద్రాసులో 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్టుది మధ్యేమార్గం. హెడ్‌లైటు, మీటర్లు, ఫోర్కు పైభాగం ఒకే అచ్చులో కలిసిన ఆ పెట్టె వైర్ల ముళ్ళన్నిటినీ దాచేస్తుంది. స్విచ్చు నుంచి పెట్టె దాకా ఉన్న చిన్న దూరంలో మాత్రమే వైరు బయట కనిపిస్తుంది. పైపుకు కన్నం వేయకుండానే శుభ్రమైన రూపం వచ్చింది. కన్నాలు వేయించుకోవాలనుకునేవాళ్ళు ముందుగా ఆలోచించవలసిన దారి ఇదేనని నా అభిప్రాయం: స్విచ్చు నుంచి డూము దాకా ఉన్న వైరును కురచ చేసి, నల్లటి అల్లిక తొడుగు వేసి, పైపు కింది వైపుగా గట్టిగా కడితే సగం కోరిక అక్కడే తీరుతుంది.

ఊళ్ళలో ఎక్కువగా కనిపించే వంద సీసీ బళ్ళకు, టీవీఎస్ ఎక్స్‌ఎల్ మోపెడ్లకు వైర్లు బయటే ఉంటాయి. అది చౌక, బాగుచేయడం తేలిక. అయితే కొబ్బరికాయల బస్తాలు, జీడి గింజల సంచులు, చేపల బుట్టలు మోసే బళ్ళలో సంచి పట్టీ హ్యాండిలుకు తగిలించడం, తాడు చుట్టడం రోజూ జరిగేదే. ఆ తాడు వైరు మీద రాసుకుని పైతోలు లేస్తుంది. ఇరుకు తోటబాటల్లో కొమ్మలు తగులుతాయి. లోపలి వైరింగుకు ఉన్న అసలైన లాభం ఇది. బరువు మోసే బండికే అది ఎక్కువ అక్కరకు వస్తుంది.

పైపు బలం, కన్నం చోటు

మన మోటారుసైకిళ్ళ ఉక్కు హ్యాండిల్ పైపు బయటి వ్యాసం సాధారణంగా 22.2 మి.మీ. గోడ మందం 2 మి.మీ. అనుకుంటే లోపల 18.2 మి.మీ. ఖాళీ ఉంటుంది. ఎడమ స్విచ్చు నుంచి ఇండికేటర్లకు మూడు, డిప్పరుకు మూడు, హారనుకు, పాస్ లైటుకు కలిపి రెండు మూడు, మొత్తం ఎనిమిది తొమ్మిది వైర్లు వస్తాయి. పలచని తొడుగున్న 0.5 చదరపు మి.మీ. వైరు బయటి వ్యాసం సుమారు 1.6 మి.మీ. అలాంటివి తొమ్మిది కట్ట కడితే 6 మి.మీ. లోపే. పైపులో చోటుకు కొరత లేదన్నమాట. చిక్కంతా వంపుల దగ్గర, కన్నాల దగ్గర వస్తుంది.

కన్నం పైపును ఎంత బలహీనపరుస్తుందో లెక్కవేసి చూడాలి. గ్రిప్పు మీద 20 కిలోల బరువు పడిందనుకుందాం. గ్రిప్పు మధ్య నుంచి క్లాంపు దాకా 30 సెం.మీ. దూరం. పైన చెప్పిన పైపుకు క్లాంపు అంచున వచ్చే వంపు ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు సుమారు 100 న్యూటన్లు. మెత్తని ఉక్కు 250 దగ్గర శాశ్వతంగా వంగడం మొదలుపెడుతుంది కాబట్టి కన్నం లేని పైపుకు ఇది భారం కాదు. అదే చోట గుండ్రని కన్నం వేస్తే దాని అంచున ఒత్తిడి మూడింతలు అవుతుంది. లాగుడుకు లోనైన పలకలో గుండ్రని కన్నం చేసే ఈ పనిని జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లోనే లెక్కగట్టాడు. మూడు వందలంటే హద్దు దాటినట్టే. ఒక్కసారికే విరగకపోవచ్చు. గోతిలో పడిన ప్రతిసారీ కన్నం అంచున పగులు కాస్త కాస్త పాకుతుంది, ఆపైన తుప్పు దానికి తోడవుతుంది. హ్యాండిలు విరిగే ప్రమాదం ఎప్పుడూ వేగంలోనో, బరువుతోనో, బ్రేకు పట్టినప్పుడో వస్తుంది. ఈ ఒక్క విషయంలో మొహమాటానికి చోటు లేదు: క్లాంపు అంచున, పైపు వంపుల మీద, అడ్డకడ్డీ అతుకు పక్కన కన్నం వేయమని ఎవరు అడిగినా మెకానిక్కు ఒప్పుకోకూడదు.

స్విచ్చు వైపు కన్నం స్విచ్చు డబ్బా కిందనే ఉండాలి. అది చేతికి దగ్గర కనుక అక్కడ వంపు ఒత్తిడి తక్కువ. డబ్బా కప్పి ఉంటుంది కనుక వాన నేరుగా పడదు. బయటికి వచ్చే కన్నం రెండు క్లాంపుల నడిమధ్య, కింది వైపు ఉండాలి. బరువులో చాలా మటుకు క్లాంపులే అందుకుని ఫోర్కుకు పంపేస్తాయి కనుక ఆ మధ్య ముక్క మీద భారం తగ్గుతుంది. కన్నం గుండ్రంగా కాక పైపు పొడవునా సాగిన కోలగా ఉండాలి. వెడల్పుకు రెండింతల పొడవున్న కోల కన్నం అంచున ఒత్తిడి మూడింతలకు బదులు రెండింతల దగ్గర ఆగుతుంది. వెడల్పు 7–8 మి.మీ. మించనివ్వకపోతే మేలు. 12 మి.మీ. గుండ్రని డ్రిల్లు బిట్టుతో ఒకే దెబ్బకు వేస్తే పని త్వరగా అవుతుంది గానీ పైపు వ్యాసంలో సగానికి పైగా పోతుంది. అంచులను లోపలా బయటా ఆకురాయితో నున్నగా రుద్ది, రంగు పూసి, రబ్బరు గ్రోమెట్ తొడగాలి. అల్యూమినియం హ్యాండిళ్ళకు మాత్రం కంపెనీ ఇచ్చిన కన్నాలు తప్ప కొత్తవి వద్దు. ఉక్కుకు ఒక హద్దు లోపల ఎన్నిసార్లు ఊగినా అలసట రాదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు.

వైరు లాగడం

స్విచ్చు వైర్ల కొసన ఉండే కప్లరు కన్నంలో పట్టదు. స్విచ్చు వైర్లను కోసి మళ్ళీ అతకడం తేలికైన దారి, కాని చెడ్డ దారి. కప్లరు నుంచి పిన్నులను సన్నని సూదితో నొక్కి ఒక్కొక్కటిగా బయటికి తీసి, ఏ రంగు ఏ గదిలోదో ముందే రాసుకుని, వైర్లను లాగాక మళ్ళీ అదే వరుసలో గుచ్చాలి. ఇలా చేస్తే ఒక్క అతుకూ ఉండదు. పైపు లోపల అతుకు పెట్టకూడదన్నది ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన సూత్రం. వైరు పొడవు చాలకపోతే స్విచ్చు డబ్బాలోని టెర్మినళ్ళ దగ్గర నుంచే కొత్త పొడవైన వైరు వేయాలి. సోల్డరు చేసినచోట రాగి పోగులు గట్టిపడతాయి, సోల్డరు ఆగిన అంచున ఇంజను అదురుకు తెగుతాయి. డూములో పెట్టే అతుకులకు మంచి క్రింపింగు మేలు.

లోపల దారి చూపించడానికి పాత బ్రేకు కేబులు లోపలి తీగ బాగా పనికివస్తుంది. గట్టిగా ఉంటుంది, వంపు తిరుగుతుంది. వలలకు వాడే నైలాను దారానికి చిన్న నట్టు కట్టి పైపును వంచి జారవిడిచినా పని జరుగుతుంది. తీగ చివర వైర్ల కొసలను ఒకే చోట ముడి వేయకుండా మెట్లుమెట్లుగా టేపుతో కడితే కొస సన్నగా ఉండి వంపు దగ్గర ఇరుక్కోదు. జారడానికి టాల్కం పౌడరు చాలు. గ్రీజు, ఇంజనాయిలు రాస్తే పీవీసీ తొడుగు పాడవుతుంది, ఇసుక కూడా పట్టుకుంటుంది.

బయటికి వచ్చాక వైరుకు ఊపిరాడేంత వదులు ఇవ్వాలి. హ్యాండిలును పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూడాలి. ఎక్కడా బిగుసుకోకూడదు, ఫోర్కు ఆపుకూ బాడీకీ మధ్య నలగకూడదు. లోపలి వైరింగు చేసిన బళ్ళలో వైరు తెగేది తరచుగా పైపులో కాదు, పైపు దాటాక ఉన్న ఈ జానెడు దూరంలోనే.

ఉప్పు లోపలికి వస్తే

హ్యాండిల్ పైపుకు క్రోమియం పూత బయటే ఉంటుంది. లోపలి గోడ దాదాపు నగ్నమైన ఉక్కు. గ్రిప్పు కొసల నుంచి, స్విచ్చు డబ్బా సందుల నుంచి వాననీరు, సర్వీసింగు సెంటర్లో పంపుతో కొట్టే నీరు లోపలికి పోతుంది. ఏమీ పోకపోయినా రాత్రి చల్లబడినప్పుడు లోపలి గాలిలోని తేమ చెమ్మగా గోడకు పడుతుంది. అందులో ఉప్పు కలిస్తే తుప్పు పెచ్చులుగా లేస్తుంది, ఆ పెచ్చుల అంచులు వైరు తొడుగును గీరతాయి. తొడుగు కింద రాగి పోగుల్లోకి ఉప్పునీరు చేరితే అవి పచ్చబడి, తరవాత నల్లబడి, చివరికి పొడిగా రాలతాయి. పైన తొడుగు చెక్కుచెదరకుండానే లోపల తీగ పోతుంది.

దీనికి చాలామంది ఆలోచించే మందు కన్నాలన్నిటినీ సిలికానుతో మూసేయడం. అదే తప్పు. పూర్తిగా మూసిన పైపులోకి చెమ్మ ఎలాగూ చేరుతుంది, బయటికి పోయే దారి ఉండదు. మామూలు హ్యాండిలు క్లాంపుల నుంచి పైకి లేచి వెనక్కు వంగుతుంది కనుక నీరు చేరే పల్లపు చోటు నడిమధ్యే. కింది వైపు కన్నం వైరుకే కాదు, నీటికి కూడా దారి. పై కొసలను, స్విచ్చు డబ్బా సందులను బాగా మూయాలి, మధ్య కింది కన్నాన్ని గ్రోమెట్‌తో వదిలేయాలి. నేను చదివిన సలహాల్లో అందాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పినవన్నీ కింది కన్నాన్ని కూడా మూయమంటాయి. ఈ తీరంలో ఆ మాట వినకూడదు. గ్రిప్పు కొసలు రెండూ కిందికి దిగిన పొట్టి రేసింగు హ్యాండిలైతే నీరు కొసల వైపు పోతుంది. అప్పుడు కొస బిరడాల అడుగున సన్నని కన్నం వేయాలి.

వైరు లాగకముందే పైపు లోపల తుప్పు నిరోధక రంగు పోసి, తిప్పి, ఒంపేసి రెండు రోజులు ఆరబెడితే ఆయుష్షు పెరుగుతుంది. వైరు విషయంలో పడవల్లో వాడే తగరం పూత రాగి వైరు దొరికితే అదే వేయాలి. ప్రతి పోగుకూ తగరం ఉంటుంది కనుక ఉప్పునీరు చేరినా రాగి అంత త్వరగా పాడవదు. వైర్ల కట్టకు సన్నని అల్లిక తొడుగు వేస్తే పెచ్చుల గీరుడు తగ్గుతుంది. మందమైన ప్లాస్టిక్ గొట్టం వేస్తే నీరు అందులోనే నిలుస్తుంది.

పాడైన వైరు ఏం చేస్తుందో అది ఏ వైరన్నదాన్నిబట్టి ఉంటుంది. 35 వాట్ల హెడ్‌లైటు 12 వోల్టుల దగ్గర సుమారు 2.9 ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ దారిలో పచ్చబడిన ఒక్క కొస అర ఓం అడ్డుపడినా దాదాపు ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది. బల్బు వెలుగు వోల్టేజీ కంటే ఎంతో వేగంగా పడిపోతుంది కనుక మూడో వంతు వెలుతురు తగ్గుతుంది. ఇది మెల్లమెల్లగా జరుగుతుంది కనుక నడిపేవారికి తెలియదు. హారను వైరు తొడుగు పోయి పైపును తాకితే, చాలా బళ్ళలో హారను ఆగకుండా మోగుతుంది. నిండు కరెంటున్న వైరు తాకితే ఫ్యూజు పోతుంది. బండి మొత్తానికి ఒకే ఫ్యూజున్న పాత మోడళ్ళలో లైట్లన్నీ ఒకేసారి ఆరిపోతాయి. అన్నిటికంటే ప్రమాదకరమైనది కిల్ స్విచ్చు వైరు. సీడీఐ ఇగ్నిషను ఉన్న అనేక పాత బళ్ళలో ఇంజను ఆగడానికి ఆ వైరును బాడీకి తాకిస్తారు. పైపు లోపల దాని తొడుగు పోయిందంటే హ్యాండిలు తిప్పినప్పుడో గోతిలో పడినప్పుడో ఇంజను హఠాత్తుగా ఆగుతుంది. టెక్కలి, పలాస మధ్య రాత్రిపూట లారీల వరుసలో అది జరగడం ఊహించుకోలేనిదేమీ కాదు. అందుకే ఆ ఒక్క వైరును విడిగా తొడుగు వేసి నడపాలని, వీలైతే బయటే ఉంచాలని నేను గట్టిగా చెబుతాను.

హెడ్‌లైటుకు డూములోనే రిలే పెడితే స్విచ్చు వైరులో ఆంపియరులో ఏడెనిమిదో వంతు మాత్రమే పారుతుంది. వైరు సన్నగా ఉన్నా సరిపోతుంది, తాకినా పెద్ద మంట రాదు. హ్యాండిలు స్విచ్చులకు విడిగా చిన్న ఫ్యూజు వేసుకోవడం కూడా తక్కువ ఖర్చుతో అయ్యే మంచి పని.

కేబుళ్ళ సంగతి

క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్ళను మామూలు పైపులోకి ఎక్కించకూడదు. కరెంటు వైరు ఎంత వంగినా కరెంటు పారుతూనే ఉంటుంది. కేబులులో ప్రతి వంపూ రాపిడిని పెంచుతుంది. స్విచ్చు డబ్బా దగ్గర ఒక పదునైన మలుపు, క్లాంపుల దగ్గర ఇంకొకటి, మధ్యలో తోటబాటల ఇసుక చేరితే యాక్సిలరేటర్ వదిలినా వెనక్కు రాదు. చేతక్‌లో అది కుదిరిందంటే ఆ పెట్టెను కేబుళ్ళ మలుపు కోసమే పోసి ఉంచారు కనుక. ముందు డిస్కు బ్రేకు గొట్టానికీ ఇదే మాట వర్తిస్తుంది.

చట్టం

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షను అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని విధించవచ్చునంటుంది. వైరు పోయే దారి రిజిస్ట్రేషను పత్రంలో ఉండదు. అయినా హ్యాండిలునే మార్చి, ఇండికేటర్లు తీసేసి, స్విచ్చులు తగ్గించే దాకా పోతే పరిస్థితి వేరు. ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు విరిగిన పైపులో డ్రిల్లు కన్నం చూస్తే ఏమంటాడో కూడా ముందే ఆలోచించుకోవాలి. గ్యారంటీ కాలంలో ఉన్న బండి వైరింగు ముట్టుకోకపోవడమే మంచిది.

వైర్లు తగ్గుతున్న కాలం

2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారయ్యే ద్విచక్రవాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఉండాలి. దాంతో కుడి వైపు లైటు స్విచ్చు, దాని వైర్లు పోయాయి. ఎల్‌ఈడీ ఇండికేటర్లకు చాలా తక్కువ కరెంటు చాలు. కొన్ని ఖరీదైన బళ్ళలో, విడిగా అమ్మే జర్మన్ పరికరాల్లో స్విచ్చు దగ్గరే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. ఏ బటను నొక్కారన్న సంకేతం రెండు మూడు వైర్లలోనే డూముకు చేరుతుంది. హార్లే తన పెద్ద టూరింగు బళ్ళకు 2008లో యాక్సిలరేటర్ కేబులు తీసేసి, గ్రిప్పు కొసలో సెన్సరు పెట్టి, దాని వైర్లను పైపులోంచే నడిపింది.

బజాజ్ 2020లో అమ్మకానికి తెచ్చిన విద్యుత్ చేతక్‌కు గేరు కేబుళ్ళు లేవు, క్లచ్ లేదు. ఈ తరహా విద్యుత్ స్కూటర్ల యాక్సిలరేటర్‌లో సాధారణంగా అయస్కాంతం, హాల్ సెన్సరు ఉంటాయి. 5 వోల్టుల సరఫరా, ఎర్తు, సంకేతం అని మూడు వైర్లు. తీరవాసికి ఇక్కడ కొత్త జాగ్రత్త అవసరం. 12 వోల్టుల హారను వైరు కొంచెం పచ్చబడినా హారను మోగుతూనే ఉంటుంది. సంకేతపు వైరులో వోల్టులో పదో వంతు తేడా వచ్చినా కంట్రోలరు దాన్ని చేతి కదలికగానే చదువుతుంది. హద్దు దాటితే లోపంగా గుర్తించి మోటారును ఆపుతుంది. అందుకే ఈ కప్లర్లకు రబ్బరు సీళ్ళు పెడతారు. మామూలు పెట్రోలు బండి మెకానిక్కు అలవాటు కొద్దీ వైరు తొడుగును సూదితో గుచ్చి టెస్ట్ ల్యాంపు పెడితే ఆ సూది గుచ్చిన చోటే తరవాత ఉప్పుకు ప్రవేశద్వారం. పరీక్ష కప్లరు వెనక నుంచి, మల్టీమీటరుతోనే చేయాలి.

లోపలి వైరింగు ఉన్న బండిని ఏడాదికి రెండుసార్లు, తొలకరికి ముందు ఒకసారి, అక్టోబరు తుపాన్లకు ముందు ఒకసారి పరీక్షించడం ఈ తీరానికి సరిపోయే పద్ధతి. బ్యాటరీ తీగ విప్పి, డూములో కప్లరు ఊడదీసి, కిల్ స్విచ్చును ఇంజను నడిచే వైపు పెట్టి, మిగతా స్విచ్చులన్నీ ఆపి ఉంచి, ప్రతి వైరుకూ హ్యాండిలు పైపుకూ మధ్య మల్టీమీటరు పెట్టి చూడాలి. పైపుకు కలిపి ఉంచిన ఎర్తు వైరు తప్ప మరేదైనా పైపుతో కలుస్తున్నట్టు చూపితే తొడుగు పోయినట్టే. హ్యాండిలును అటూ ఇటూ తిప్పుతూ, పైపును రబ్బరు సుత్తితో మెల్లగా తట్టుతూ చూస్తే అప్పుడప్పుడు మాత్రమే తాకే వైరు కూడా దొరుకుతుంది. తరవాత ప్రతి వైరు రెండు కొసల మధ్య అడ్డు కొలవాలి. మీటరు పుల్లలు రెండూ ఒకదానికొకటి తాకించినప్పుడు చూపే అంకె తీసేశాక అర ఓం మిగిలిందంటే ఆ వైరును మార్చాలి. మధ్య కింది కన్నం దగ్గర గోధుమరంగు నీటి మరకలు కనిపిస్తే పైపు లోపల తుప్పు ముదిరిందని అర్థం. అప్పుడు వైరు ఒక్కటే మారిస్తే చాలదు, హ్యాండిలు కూడా కొత్తది వేయాలి.